ఆరువేల అడుగుల మావి

మా జిల్లాలో గర్భవతుల నడక ఒక పదం దగ్గర మొదలైంది.

రాజధాని నుంచి ఒక పుట కాగితం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న గర్భవతి మితంగా నడిస్తే, కడుపులోని బిడ్డకు అన్నమూ ఊపిరీ అందించే మాయలో రక్తనాళాలు చక్కగా అల్లుకుంటాయనీ, మాయ పుష్టిగా ఎదుగుతుందనీ దూరదేశపు పరిశోధకులు కొందరు కనిపెట్టిన సంగతి అందులో ఉంది. రాసినవారు జాగ్రత్తపరులు. 'ఆరోగ్యంగా ఉన్న' అన్నారు, 'మితంగా' అన్నారు, 'వైద్యుల సలహాతో' అన్నారు, 'ఇంకా పరిశోధించవలసి ఉంది' అని కూడా అన్నారు. జిల్లా మాతృవ్యాయామ ప్రత్యేకాధికారి త్రివిక్రమరావుగారి బల్ల మీదికి కాగితం చేరేసరికి ఈ నాలుగు మాటలూ దారిలో ఎక్కడో దిగిపోయాయి. మిగిలినవి రెండే: నడక, మాయ.

త్రివిక్రమరావుగారు భాషాభిమాని. ఆయన కచేరీలో ఏ దస్త్రమూ తెలుగు కట్టకుండా గడప దాటదు. 'మాయ పెంపు పథకం' అని గుమస్తా ముసాయిదా రాసి తెస్తే ఆయన దాన్ని పైకి మూడుసార్లు చదువుకున్నారు. జిల్లాలో ప్రభుత్వమే మాయను పెంచుతున్నదనీ, ప్రతి మండలానికీ మాయలో లక్ష్యం విధించిందనీ, ఈ ఏడు మాయలో మన జిల్లాదే అగ్రస్థానమనీ పత్రికలవారు రాయబోయే వాక్యాలు ఆయన కళ్లముందు వరసగా నిలిచాయి. ఆయన కలం కింద పెట్టారు.

ఒకరు 'జరాయువు' అందామన్నారు. అది టైపు కొట్టించి చూస్తే 'జరా వాయువు' అని పడింది. ముసలితనంలో వచ్చే కడుపుబ్బరానికి పథకం పెట్టినట్టుగా ఉందని దాన్నీ తోసిపుచ్చారు. చివరికి పాత నిఘంటువు తెప్పించి, దుమ్ము దులిపి, అందులోంచి 'మావి' అనే మాటను పైకి తీశారు. సమావేశం ఊపిరి పీల్చుకుంది. మావి పుష్టి మహోద్యమం అని పేరు ఖాయమైంది. మావి అంటే మామిడి అని కూడా అర్థముందనీ, జిల్లాలో సగం నేల మామిడితోటలేననీ ఆ పూట ఎవరికీ తోచలేదు.

ఆదేశం ప్రతులు ఆనవాయితీ ప్రకారం అన్ని శాఖలకూ వెళ్లాయి. మూడోనాడు ఉద్యానశాఖ నుంచి జవాబు వచ్చింది. "మావి విషయమై తమ శ్రద్ధ ప్రశంసనీయము. అయినను మావి అనాదిగా మా శాఖ పరిధిలోనివని తమకు తెలియనిది కాదు." ఉమ్మడి సమావేశం ఏర్పాటైంది. ఈ మావి ఎవరివి అని అధ్యక్షులు అడిగితే, రెండు శాఖలవారూ ఏకకంఠంతో "మావి" అన్నారు. మినిట్స్ రాసే గుమస్తా చాలాసేపు కలం ఎత్తలేకపోయాడు.

పొరపాటు జరిగిందని ఒప్పుకోవడానికి కావలసిన దరఖాస్తు ఏ శాఖలోనూ లేదు. కాబట్టి మధ్యాహ్న భోజనం వేళకు రాజీ కుదిరింది. గర్భవతులు నడవాలి, మామిడితోటల్లో నడవాలి. మార్గదర్శకాలను రెండు శాఖలూ కలిసి కూర్చాయి. ప్రతి గర్భవతీ దినానికి ఆరువేల అడుగుల చొప్పున నూరు దినాలు నడవాలన్నది వీరిది. ఒకరికీ ఒకరికీ ముప్పై అడుగుల ఎడం పాటించాలన్నది వారిది. పూతకు రెండు నెలల ముందునుంచి నీరు పూర్తిగా ఆపివేయవలెను అన్న పద్నాలుగో అంశం కూడా వారిదే. ఏరియా ఆసుపత్రిలో కానుపుల డాక్టరు షమీమ్ దీన్ని లిఖితపూర్వకంగా ఆక్షేపించింది. ఆమె ఆక్షేపణను గౌరవించి 'పూతకు' అన్న మాటను 'ప్రసవమునకు' అని సవరించారు. ఆపైన గర్భవతులు నీళ్ల సీసాలు కొంగుచాటున దాచుకుని తోటలకు పోవడం మొదలుపెట్టారు.

ఉద్యమానికి కోరలు కూడా పెట్టారు. నూరు దినాల నడక పూర్తి చేసినవారికే ప్రసవపత్రం ఇస్తారు. అది ఉంటేనే ఆసుపత్రి బండి ఇంటికి వస్తుంది, అది ఉంటేనే ఏరియా ఆసుపత్రిలో మంచం దొరుకుతుంది. అడుగులు లెక్కపెట్టి ఎప్పటికప్పుడు కచేరీకి పంపడానికి మణికట్టుకు కట్టుకునే గుండ్రటి యంత్రం ఒకటి పంచారు. ఆదేశంలో దాని పేరు పదగణకము. ఊళ్లలో దాన్ని బిళ్ల అన్నారు.

గుట్టకిందపల్లిలో ఆ బిళ్ల హేమావతి చేతికి వచ్చింది.

హేమావతిది తొలికానుపు. భర్త మునిశేఖర్ టమాటా లారీ తోలుతాడు, వారానికొక రోజు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఇంట్లో తోడు అత్త కుప్పమ్మ. యాభై ఎనిమిదేళ్లది, భర్త పోయి పదకొండేళ్లు, మేకలు ఇరవై ఏడు. ఐదో నెల దాకా హేమావతి టమాటా మండీలో కాయలు ఏరింది, క్రేట్లు మోసింది, తెల్లారి నుంచి పొద్దు వాలేదాకా మండీ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. ఈ నడకనంతా నూరు దినాల్లో జమ చేయమని ఊరి నర్సు ఎస్తేరు పైకి రాసింది. జవాబు వారంలోనే వచ్చింది. "అది శ్రమయే గాని వ్యాయామము కాదు. శ్రమయందు లక్ష్యము కూలి. వ్యాయామమందు లక్ష్యము మావి."

ఆరో నెలలో ఒక పొద్దున హేమావతికి నొప్పి లేకుండా రక్తం కనిపించింది. ఎస్తేరు వెంటనే ఆటో ఎక్కించి డాక్టరు షమీమ్ దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు స్కానింగు తీసి చూసింది. మాయ పైన ఉండవలసింది కిందికి వచ్చి, గర్భసంచి నోటికి అడ్డంగా కూర్చుందని చెప్పింది. ఇక బరువులు ఎత్తకూడదు, దూరాలు నడవకూడదు, మంచం మీదే ఉండాలి. నొప్పులు వచ్చేదాకా ఆగకుండా పెద్దాపరేషను చేయాలి, రక్తం ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. కుప్పమ్మ అంతా విని, ఊళ్లోనే కానుపైతే ఏమవుతుందని అడిగింది.

"తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు పెద్దమ్మా," అంది డాక్టరు. "ఇక్కడికి రావాలి. ఎట్లా వచ్చినా సరే, రావాలి."

ఆ మాటే ఒక కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చింది.

కుప్పమ్మ ఆ కాగితం పట్టుకుని, ఎస్తేరును తోడు తీసుకుని, జిల్లా కచేరీకి పోయింది. త్రివిక్రమరావుగారు సహృదయులు. అర్జీదారుల్ని ఎన్నడూ నిలబెట్టి మాట్లాడరు. కూర్చోబెట్టి, కాగితం ఆసాంతం చదివి, ఒక పదం కింద ఎర్రగీత గీశారు. ఈ వైద్యపత్రములో 'మాయ' కిందనున్నట్లు ఉన్నదనీ, తమ శాఖకు మాయతో ఎట్టి సంబంధమూ లేదనీ, తమ ఉద్యమము మావికి చెందినదనీ సెలవిచ్చారు.

కుప్పమ్మ ఎస్తేరు మొహం చూసింది.

"రెండూ ఒకటే కదా సామీ," అంది కుప్పమ్మ.

"ఒకటియే అయినచో రెండు పదములు ఎందుకుండును?" అన్నారు ఆయన. అనడంలో కోపం లేదు, నిజంగానే అడిగారు.

అయినా ఆయన తలుపు మూయలేదు. మినహాయింపుకు ఒక నమూనా పత్రం ఉందన్నారు. నడవలేని గర్భవతి స్వయంగా తోటకు వచ్చి, సాక్షుల ఎదుట ఆరువేల అడుగులు నడిచి, నడవలేకపోయినట్లు నిరూపించుకుంటే అక్కడికక్కడే సంతకం చేస్తామన్నారు.

"నడవలేనిదానికే కదా సామీ ఆ కాయితం," అంది కుప్పమ్మ. "నడిచి రాగలిగితే ఇంగ కాయితమెందుకు దానికి?"

ఇది చాలా మంచి ప్రశ్న అనీ, తరువాతి సమావేశపు చర్చనీయాంశాల్లో చేర్చవలసిందనీ ఆయన గుమస్తాకు చెప్పారు. గుమస్తా చేర్చాడు. ఆ సమావేశం ఇంతవరకూ జరగలేదు.

మర్నాడు పొద్దున్నే ఎస్తేరు ఇంటికి వచ్చింది. హేమావతి చేతికున్న బిళ్ల విప్పింది. దాన్ని మంచంపట్టె మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ, గోడతో చెప్పినట్టుగా అంది.

"దీనికి కళ్లు లేవు పెద్దమ్మా. చెయ్యి ఎవరిదో తెలీదు దీనికి."

ఎస్తేరు వెళ్లిపోయాక కుప్పమ్మ బిళ్లను తన ముంజేతికి కట్టుకుని మేకల్ని వదిలింది.

మేకలు మార్గదర్శకాలు చదవలేదు. మితంగా నడవలేదు. గుట్ట ఎక్కాయి, గుట్ట దిగాయి, కంచెలు దూరాయి, ఒకటి పోయిన దిక్కుకు ఇంకొకటి పోలేదు. వాటి వెనకాల కుప్పమ్మ, కుప్పమ్మ చేతికి బిళ్ల. మొదటిరోజు పందొమ్మిది వేల అడుగులు పడ్డాయి. రెండోనాడు ఈనిన మేక ఒకటి తప్పిపోయినందున ఇరవై మూడు వేలు. ఇంట్లో హేమావతి ఎడమపక్కకు తిరిగి పడుకుని, దూలాల మీద బల్లుల్ని లెక్కపెట్టుకుంటూ, జిల్లా జాబితాలో రోజుకొక మెట్టు పైకెక్కుతూ పోయింది. మండలంలో మొదటిదైంది, డివిజనులో మొదటిదైంది, రెండు నెలలు తిరక్కముందే జిల్లాకే మొదటిదైంది.

కచేరీలో వెయ్యి అడుగులకు రెండు గ్రాముల చొప్పున మావి తూకం అంచనా కట్టే సూత్రం ఒకటుంది. ఆ సూత్రం ప్రకారం నూరు దినాలు నిండేసరికి హేమావతి మావి నాలుగు కిలోలు తూగుతుంది. బిడ్డకంటే మావి పెద్దదన్నమాట. ఈ అంకె ఆరు బల్లలు దాటి వెళ్లింది. ఏ బల్ల దగ్గరా ఎవరూ ఉలిక్కిపడలేదు. ఉద్యానశాఖవారు మాత్రం అది ఏ రకమని అడిగారు.

అంకె రాజధానికి చేరింది. రాజధాని సంతోషించింది. జిల్లా కేంద్రంలో మహానడక జరపాలనీ, అగ్రగామి గర్భవతి దానికి ముందు నడవాలనీ, రానిచో ఆమె అడుగులపై విచారణ జరిపి పేరు కొట్టివేయాలనీ ఉత్తర్వు వచ్చింది. పేరు కొట్టివేస్తే పత్రం లేదు. పత్రం లేకపోతే బండి లేదు, మంచం లేదు. అప్పటికి హేమావతికి ఎనిమిదో నెల. రెండోసారి కూడా రక్తం కనిపించి ఆగింది.

మహానడక నాటి ఉదయం బస్టాండు ముందు పందిట్లో నాలుగువందల మంది గర్భవతులు ముప్పై అడుగుల ఎడంతో నిలబడ్డారు. వరస కొస ఊరు దాటి పెట్రోలు బంకు దగ్గర తేలింది. అగ్రగామికి కేటాయించిన గీత మీద కుప్పమ్మ నిలబడి ఉంది, చేతిలో మేకలు తోలే కర్రతో సహా. త్రివిక్రమరావుగారు దండ పట్టుకుని దగ్గరికి వచ్చి ఆగిపోయారు. హేమావతి ఎక్కడని అడిగారు. మంచంలో ఉందని కుప్పమ్మ చెప్పింది. మరి ఈ అడుగులు ఎవరివని అడిగారు. నావి అని చెప్పింది.

ఆయన దండ గుమస్తాకు ఇచ్చి, పందిరి గుంజకు ఆనుకుని ఆలోచించారు. అడుగులు ఇరవై లక్షలకు చేరబోతున్నాయి. అవి రాజధానికి వెళ్లిపోయాయి, కాబట్టి అవి నిజం. ఆ అడుగులు గర్భవతివని నివేదికలో ఉంది, కాబట్టి అదీ నిజం. ఇంకొక అరగంటలో మంత్రిగారు జెండా ఊపుతారు, దానికి తిరుగు లేదు. ఇన్ని నిజాల నడుమ మార్చడానికి వీలున్నది ఒక్క పేరు మాత్రమే. ఆయన పేరు మార్పించారు. జాబితాలో హేమావతి పోయి కుప్పమ్మ వచ్చింది.

వయస్సు యాభై ఎనిమిదని రాస్తూ గుమస్తా కొంచెం గొణిగాడు. నడకకు వయోపరిమితి ఆదేశములో ఎక్కడా లేదన్నారు అధికారి. భర్త పేరు దగ్గర కీర్తిశేషులు నరసింహులు అని రాస్తూ ఇంకొంచెం గొణిగాడు. భర్తలు నడవనవసరము లేదు కదా అన్నారు. అక్కడే బల్ల వేసుకుని కూర్చున్న రక్తపరీక్షవారు కుప్పమ్మ వేలు పొడిచి, రక్తపు గ్రూపు చూసి, ప్రసవపత్రం మీద అచ్చువేశారు. ఆమె గర్భవతి అవునా కాదా అని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది.

మంత్రిగారు జెండా ఊపారు. కుప్పమ్మకు నిదానంగా నడవడం రాదు. రెండు వీధులు దాటేసరికి మంత్రిగారు వెనకబడ్డారు, నాలుగో వీధిలో త్రివిక్రమరావుగారు ఒక కొబ్బరినీళ్ల బండి దగ్గర ఆగిపోయారు, కళాశాల మైదానానికి కుప్పమ్మ ఒక్కతే చేరింది. స్వాగతం చెప్పవలసినవారు ఇంకా కుర్చీలు వేస్తున్నారు. ఆమెకు ప్రసవపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి, రవికలో దోపుకుని, మొదటి బస్సుకే ఇంటికి పోయింది.

తొమ్మిదో నెల పడిన నాలుగోనాడు, పొద్దు గుట్ట మీదికి వచ్చే వేళకు, హేమావతి పక్కబట్ట తడిసిపోయింది. ఈసారి రక్తం ఆగలేదు. ఎస్తేరు బండికి ఫోను చేసింది. బండి వచ్చింది. డ్రైవరు పత్రం తీసుకుని చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు, గడపలో నిలబడ్డ కుప్పమ్మను చూశాడు. పత్రంలో పేరున్నవారిని స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఫోటో తీసి పంపితేనే బండి కదలవచ్చన్నది ఆదేశం. అతనూ ఇద్దరు బిడ్డల తండ్రే.

"అవ్వా, నువ్వొకసారి పండుకో," అన్నాడు. "ఫోటో తీసుకుంటా. తీసినాక దిగి, ఆయమ్మను పండబెట్టు."

కుప్పమ్మ స్ట్రెచరు మీద పడుకుంది. కళ్లు మూసుకోమన్నాడు, మూసుకుంది. ఆ కాసేపు హేమావతి గడపను పట్టుకుని, కాళ్ల వెంట రక్తం కారుతుంటే, సహాయకురాలి వరుసలో నిలబడింది.

ఆసుపత్రిలో డాక్టరు షమీమ్ గేటు దగ్గరే ఎదురుచూస్తూ ఉంది. రక్తం ఎక్కించబోయే ముందు కింది ఉద్యోగి ఒకడు ప్రసవపత్రం తెరిచి, గ్రూపు ఇందులో ఉంది మేడమ్ అని చదవబోయాడు. డాక్టరు ఆ పత్రాన్ని మూసి అతని జేబులోనే పెట్టింది.

"కార్డుకు రక్తం ఎక్కించే రోజు కార్డు చూస్తాను," అంది. "ఇప్పుడు మనిషికి ఎక్కించాలి."

హేమావతి వేలి నుంచి కొత్తగా రక్తం తీసి పరీక్ష చేశారు. గ్రూపు వేరు. పత్రాన్ని నమ్మి ఉంటే ఆపరేషను బల్ల దాకా కూడా పోనక్కర్లేకపోయేది. ఎస్తేరు ముందుగానే హేమావతి గ్రూపు మనుషుల్ని వెతికి, ఇప్పించి పెట్టిన రెండు ప్యాకెట్ల రక్తం సరిగ్గా అందింది. గంటన్నర గడిచాక లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల, రెండు కిలోల నాలుగువందల గ్రాములు. తల్లి బతికింది. కుప్పమ్మ వరండా గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. ఇరవై లక్షల అడుగులు నడిచిన కాళ్లు బారచాపుకుంది.

మావిని తూచారు. నాలుగువందల నలభై గ్రాములు. అంచనా నాలుగు కిలోలు. తేడాను కచేరీవారు ఉద్యానశాఖ సహాయంతో సమన్వయపరచి, కోత అనంతర నష్టము అని రాశారు.

ఆసుపత్రిలో కానుపు పత్రం పేరు మీదే జరుగుతుంది కాబట్టి, పుట్టినబిడ్డ తల్లి కుప్పమ్మ అనీ, తండ్రి కీర్తిశేషులు నరసింహులు అనీ జననపత్రం తయారై వచ్చింది. లారీ దిగి పరుగున వచ్చిన మునిశేఖర్ దాన్ని రెండుసార్లు చదివి, అట్లయితే నేను నా కూతురికి అన్ననైనానే అని నవ్వాడు. పక్క మంచాలవాళ్లూ నవ్వారు. హేమావతి నవ్వలేదు. నవ్వితే కుట్లు లాగుతాయి, అందుకు కాదు.

"నవ్వుకోండి మీరు," అంది. "రేపు బడిలో చేర్చేప్పుడు ఈ బిడ్డ నాదంటే నమ్మేదెవురు? చచ్చి బతికి కన్నది నేను." తరువాత అత్త వైపు తిరిగింది. "అత్తా, దీనికి అమ్మను నేనని రాయించుకోని రా. ఊరికే రావద్దు."

కుప్పమ్మ మళ్లీ కచేరీకి పోయింది. ఈసారి అక్కడ మేళం సిద్ధంగా ఉంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో నడక మహిమచేత పండంటి ఆడబిడ్డను ప్రసవించిన లబ్ధిదారు అని ఆమె బొమ్మ గోడంత ఎత్తున వేశారు. పక్కనే మామిడిపండు బొమ్మ. ఆమె చెప్పదలచింది చెప్పేలోగా వేదిక మీదికి ఎక్కించారు, శాలువా కప్పారు, ఉద్యమ విజయ రహస్యం నాలుగు మాటల్లో చెప్పమని మైకు చేతికిచ్చారు.

కుప్పమ్మ మైకును కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంది.

"బిడ్డను కన్నది నేను కాదు, నా కోడలు హేమావతి," అంది. "నేను మేకలు మేపినాను. దాన్ని మూడు నెలలు మంచం దిగనీలేదు. దిగి నడిచింటే సచ్చిపోయిండేది. బిడ్డకు దాని పేరు రాసిస్తే పోతాను."

సభలో వెనక వరసల్లో నిలబెట్టిన గర్భవతుల్లో ఒకతె కూర్చుండిపోయింది, ఆమెను చూసి ఇంకొకతె కూర్చుంది. వ్యాఖ్యాత మైకు అందుకుని, ఈ మహాతల్లి వినయము మనకందరికీ ఆదర్శమన్నాడు. చప్పట్లు మోగాయి. సాయంత్రానికి మినిట్స్ సిద్ధమయ్యాయి. "లబ్ధిదారు శ్రీమతి కుప్పమ్మ తమ ప్రసంగమందు కోడలి సహకారమును కొనియాడిరి. నడక లేనిచో ప్రాణమునకే ముప్పు వాటిల్లెడిదని గద్గదస్వరమున తెలిపిరి." ఆమె అనుభవం ఆధారంగా, ఉద్యమాన్ని అరవై ఏళ్లలోపు స్త్రీలందరికీ విస్తరింపజేస్తూ ఆ వేదిక మీదనే ఉత్తర్వు చదివారు.

జనం పలచబడ్డాక త్రివిక్రమరావుగారు కుప్పమ్మను తమ గదికి పిలిపించి, కూర్చోబెట్టి, అర్జీ చదివారు. తల్లి పేరు మార్చుటకు అభ్యంతరము లేదనీ, తల్లి పేరు మారినచో తండ్రి పేరు దానంతటదే మారుననీ అన్నారు. కుప్పమ్మ లేచి దండం పెట్టింది. 'అయితే' అన్నారు ఆయన. కుప్పమ్మ మళ్లీ కూర్చుంది. మహోద్యమము కింద నమోదైన బిడ్డకు తల్లిగా గుర్తింపు పొందగోరు స్త్రీ, తాను కూడా నూరు దినముల నడక పూర్తి చేసినట్లు చూపవలెను. ప్రసవానికి ముందా తరువాతా అని నిబంధనలో లేదు గనుక, తరువాత నడిచినా అంగీకరిస్తామన్నారు. ఇది తమ చేతిలో ఉన్న మినహాయింపు అనీ, దాన్ని సంతోషంగా ఇస్తున్నామనీ చెప్పి, కొత్త బిళ్ల ఒకటి ఆమె చేతిలో పెట్టారు.

ఇంటికి వచ్చి కుప్పమ్మ సంగతి చెప్పింది. చెప్పి, అలవాటు ప్రకారం బిళ్లను తన ముంజేతికి కట్టుకోబోయింది. ఎట్లాగూ తెల్లారితే మేకలున్నాయి.

హేమావతి చెయ్యి చాపి ఆపింది.

"నువ్వు నడిస్తే మళ్లా నువ్వే అమ్మవైతావు అత్తా," అంది. "ఇటివ్వు."

తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. బిడ్డ లేచి కేరుమంది. దూలానికి వేసిన చీర ఉయ్యాలను హేమావతి మంచంలోంచే తాడుతో లాగింది. లాగుతూ లాగుతూ ఆగి, ముందుకు వంగి, బిళ్లను ఉయ్యాల అంచుకు కట్టి, మళ్లీ లాగింది. ఉయ్యాల ఒక ఊపు పోయి వచ్చింది. బిళ్ల మీద ఒకటి పడింది. ఇంకో ఊపు. రెండు.

మొదటిరోజు ఏడువేలు పడ్డాయి. బిడ్డకు కడుపునొప్పి వచ్చిన రోజున పదకొండు వేలు. కుట్లు మానాయి, హేమావతి ఒంట్లోకి రక్తం వచ్చింది, మునిశేఖర్ ఇంట్లో ఉన్న రోజుల్లో అతను కూడా కొన్ని వేల అడుగులు లాగాడు. ఉయ్యాల గడప దాటకుండా, మంచం పక్కనుంచి కదలకుండా, నూరు దినాలు నడిచింది.

నూటొకటో రోజున ఎస్తేరు తపాలా కవరు తెచ్చింది. కుప్పమ్మ మేకల్ని వదిలి వాకిట్లోనే నిలబడిపోయింది. క్రమము తప్పని వ్యాయామమునకు అభినందనలు అని మొదలైన పుటన్నర ఉపోద్ఘాతాన్ని దాటవేసి, తల్లి పేరు అన్న గడి దగ్గర ఎస్తేరు వేలు పెట్టి చదివింది.

"హేమావతి."

ఇంకోసారి చదవమంది హేమావతి. ఎస్తేరు చదివింది. బిడ్డ నిద్రలో ఉంది, ఉయ్యాల ఆగితే లేస్తుంది. హేమావతి తాడు వదలకుండానే రెండోచేత్తో కాగితం అందుకుంది.